ఉప్పెన జ్ఞాపకం, చిల్లంగి భయం: యానాం పరిసరాల జనవిశ్వాసాలు, కాపరి బాధ్యత

ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాలో పరిచర్య చేసే ప్రతి కాపరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: "అయ్యగారూ, దయ్యాలు ఉన్నాయంటారా, లేవంటారా?" ప్రార్థన కూడిక ముగిశాక, చాపలు చుట్టే వేళకు, ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు. మనం సాధారణంగా రెండు జవాబులలో ఏదో ఒకటి చెబుతాం. చదువుకున్న కాపరి "అవన్నీ మూఢనమ్మకాలమ్మా" అంటాడు. ఉజ్జీవ కూడికలలో పెరిగిన కాపరి "ఉన్నాయి, యేసు నామంలో వెళ్ళగొడదాం" అంటాడు. ఈ రెండు జవాబులకూ ఒకే లోపం ఉంది. అడిగినవారు ఏమి చూశారో, ఏమి విన్నారో, దేనికి భయపడుతున్నారో మనం వినకుండానే మాట ముగిసిపోతుంది.

ఈ వ్యాసంలో మరొక మార్గాన్ని సూచించదలిచాను. అది చరిత్ర విద్యార్థి మార్గం. దయ్యం ఉందా లేదా అని తేల్చేముందు ఆ కథ ఎక్కడ పుట్టింది, ఎవరి గురించి చెబుతోంది, ఎవరికి ఏమి చేస్తోంది అని అడగడం. యానాం పరిసరాలను ఉదాహరణగా తీసుకుని చూస్తే అతీత శక్తులను గురించిన జనవిశ్వాసాలు రెండు రకాలుగా కనబడతాయి. ఒకటి చనిపోయినవారిని గురించినది, రెండవది బతికున్నవారిని గురించినది. మొదటిది ఊరి జ్ఞాపకం. దానిని సంతోషంగా వినవచ్చు, వెదకవచ్చు. రెండవది ఒక మనిషి మీద మోపే నింద. దానిని ఆపవలసినవాడు కాపరి. ఈ తేడా తెలియనప్పుడు సంఘం ఎంత నష్టపోయిందో, ఎంతమందిని నష్టపరచిందో చరిత్రే చెబుతుంది.

1. నీటి అంచున ఉన్న ఊరు

గౌతమీ గోదావరి సముద్రంలో కలవడానికి కొద్ది మైళ్ళ ముందు, కోరంగి పాయ విడిపోయే చోట యానాం ఉంది. ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, కొన్నాళ్ళు వదలి, 1731లో మళ్ళీ వచ్చారు. చుట్టూ ఇంగ్లీషువారి సీమ, మధ్యలో ఫ్రెంచి జెండా. 1954లో ఫ్రెంచి పాలన తొలగింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో విలీనం పూర్తయింది. నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.

యానానికి పొరుగునే ఉన్న కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు. ఓడలు కట్టిన చోటు, బర్మాకు తెలుగువారు ఓడలెక్కిన చోటు. అందుకే రంగూనులో తెలుగు కూలీలందరికీ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది. అటువంటి రేవును సముద్రం రెండుసార్లు తుడిచిపెట్టింది. 1789 డిసెంబరులో తుపాను వెంట మూడు పెద్ద అలలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి కోరంగిని ముంచాయి. సుమారు ఇరవై వేలమంది పోయారని నాటి వర్ణనలు చెబుతాయి. తిరిగి 1839 నవంబరు 25న ఇంకొక ఉప్పెన. నలభై అడుగుల అల వచ్చిందని, మూడు లక్షలమంది చనిపోయారని పుస్తకాలలో కనిపిస్తుంది. ఈ సంఖ్యను నేటి పరిశోధకులు అనుమానంతోనే చూస్తున్నారు. అయితే ఆ తరువాత కోరంగి మునుపటి కోరంగిగా మారలేదన్నది మాత్రం నిజం. బంగాళాఖాతపు తుపానులను కలకత్తాలో కూర్చుని పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో ప్రచురించిన నావికుల గ్రంథంలో 'సైక్లోన్' అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట మన సముద్రం చేసిన గాయాలను చదివిన మనిషి పెట్టిన పేరు.

యానాంలోని సెయింట్ ఆన్ కతోలిక దేవాలయం 1846లో కట్టినది. అంటే ఉప్పెన వచ్చిన ఏడేండ్లకు. దాని గోడలను చూసేటప్పుడు ఈ తేదీని కూడా గుర్తుంచుకోవాలి. ఆ కట్టడంలో మొదటిసారి మోకరించినవారిలో ఉప్పెనలో తమవారిని పోగొట్టుకున్నవారు ఉండకుండా ఉండరు.

2. దయ్యాల కథలలో దాగిన చరిత్ర

డెల్టా గ్రామాలలో దయ్యాలుగా మారతారని చెప్పుకునేవారు ఎవరు? నీట మునిగి శవం దొరకనివారు, పురిటిలో పోయిన స్త్రీ, ఉరి వేసుకున్నవారు, పెండ్లి కాకుండా పోయిన పిల్ల, దూరదేశంలో దిక్కులేక చనిపోయినవాడు. నిండు వయసులో, బిడ్డల చేతుల్లో, పద్ధతిగా సమాధి అయిన ముసలివాడు దయ్యమయ్యాడని ఎవరూ చెప్పరు. కనుక దయ్యం కథలో భయం కంటే ముందు దుఃఖం ఉంది. ముగియని మరణం, సరిగా సాగనంపలేకపోయామన్న బాధ అందులో ఉంది.

ఈ దృష్టితో యానాం, కోరంగి, భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ కథలు వింటే అవి వేరుగా వినబడతాయి. ఉప్పెనల్లో వేలమంది శవాలు దొరకలేదు. బర్మా వెళ్ళినవారిలో ఎందరో తిరిగి రాలేదు. 1942లో జపాను దాడికి భయపడి రంగూను నుండి కాలినడకన బయలుదేరినవారిలో ఎందరో దారిలోనే పోయారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను, యానాన్ని తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్ళి తిరిగిరాని జాలరులు ఎందరో ఉన్నారు. ఆ ఇండ్లలో భార్యలు ఏడాది తరువాత కూడా బొట్టు తీయడానికి ఒప్పుకోలేదు; సమాధి లేదు కనుక మరణం లేదన్నది వారి లెక్క. అటువంటి ఊరిలో "రేవులో రాత్రిపూట ఎవరో పిలుస్తారు" అనే మాట పుట్టడం వింత కాదు. పుట్టకపోతేనే వింత.

కొరివి దయ్యాన్నే తీసుకోండి. చీకటి రాత్రి చిత్తడి నేలల మీద, మడ అడవి అంచున, ఒక వెలుగు కదలుతూ పోతుంది. దాని వెంట వెళ్ళినవాడు ఊబిలో దిగబడతాడని పెద్దలు చెబుతారు. 1776లో ఇటలీలో వోల్టా అనే శాస్త్రజ్ఞుడు ఒక సరస్సు అడుగు బురదను కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అది మండే వాయువని చూపించాడు. కుళ్ళిన ఆకుల నుండి పుట్టే ఆ వాయువుకు ఈ వెలుగుతో సంబంధం ఉందని చాలామంది భావించారు. అది దానంతట అదే ఎలా అంటుకుంటుందన్నది నేటికీ పూర్తిగా తేలలేదు. కొన్నిసార్లు ఆ వెలుగు దూరాన పీతల కోసం తిరిగేవాని లాంతరు మాత్రమే. అయినా ఆ కథ చేసిన మేలు చూడండి. చీకటిలో మడలోకి పోకుండా అది ఎందరో పిల్లలను కాపాడింది. కథను కొట్టిపారేసేవాడు అందులోని జాగ్రత్తను కూడా పారేస్తాడు.

3. పరిశీలన అనే ఆనందం

ఈ కథలను వెదకి వినడంలో ఒక ఆనందం ఉంది. దానిని పాపంగా ఎంచనవసరం లేదు. మృతులతో మాట్లాడించడం, సోదె అడగడం, అంజనం వేయించడం లేఖనం నిషేధించింది (ద్వితీ. 18:10-11). కథను విని, దాని మూలాన్ని వెదకడాన్ని నిషేధించలేదు. పైగా ప్రభువు చూపిన మాదిరి మన ముందు ఉంది. రాత్రి నాలుగవ జామున నీటి మీద నడిచి వస్తున్న ఆయనను చూసి శిష్యులు భూతమనుకొని కేకలు వేశారు (మార్కు 6:49). వారు జాలరులు, నీటిని, రాత్రిని ఎరిగినవారు. మన యానాం జాలరులకు అది కొత్త అనుభవం కాదు. ఆయన వారిని ఎగతాళి చేయలేదు, ధైర్యం చెప్పి దోనె ఎక్కాడు. పునరుత్థానమైన సాయంత్రం వారు మళ్ళీ ఆత్మను చూస్తున్నామని భయపడితే చేతులు, పాదాలు చూపించి, పట్టి చూడమన్నాడు. కాల్చిన చేపముక్క తీసుకుని వారి యెదుట తిన్నాడు (లూకా 24:37-43). భయపడినవారిని పరీక్షకు ఆహ్వానించిన ప్రభువు ఆయన. ఆత్మలను పరీక్షించమని యోహాను (1 యోహాను 4:1), సమస్తమును పరీక్షించమని పౌలు (1 థెస్స. 5:21) చెప్పినది ఆ బాటలోనే.

యౌవనస్థుల కూడికలలో నేను అనుసరించిన పద్ధతి ఇది. మొదట కథను పూర్తిగా వినాలి, మధ్యలో నవ్వకూడదు. చెప్పేవారు తాము చూశారా, చూసినవారి నోట విన్నారా, విన్నవారి నోట విన్నారా అని అడగాలి. చాలా కథలు రెండో మెట్టుకే "మా మేనమామ చెప్పాడు" దగ్గర ఆగిపోతాయి. అప్పుడు పిల్లలే నవ్వుతారు, చెప్పినవారూ నవ్వుతారు. తరువాత తిథి, సమయం అడగాలి. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువ. పోటు పాయల్లోకి ఎక్కేటప్పుడు రేవు మెట్ల కింద, పీతబొరియల్లో వచ్చే చప్పుడు పగలు వినబడదు, రాత్రి వినబడుతుంది. తరువాత ఆ చోటుకి పెద్దలతో కలసి వెళ్ళాలి. ఆ తరువాత కాగితాలు వెదకాలి: సంఘపు బాప్తిస్మపు, సమాధి రిజిస్టర్లు, హెన్రీ మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వృత్తాంతం, హెమింగ్వే 1907లో కూర్చిన జిల్లా గెజెటీరు. దయ్యం కథ ఉన్నచోట చాలాసార్లు ఒక పాత శ్మశానమో, మునిగిన రేవో, కలరా సంవత్సరమో బయటపడుతుంది. ఆ రోజు పిల్లలకు కలిగే సంతోషం దయ్యం కనబడితే కలిగేదానికంటె ఎక్కువ.

రాత్రి మెలకువ వచ్చినా కాలు చేయి కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందని చెప్పేవారు ప్రతి సంఘంలో ఉంటారు. నిద్రలో శరీరం సహజంగా కదలకుండా ఉంటుంది. మెదడు ముందు మేల్కొని శరీరం వెనకబడితే ఈ అనుభవం కలుగుతుంది. లోకంలో అన్ని జాతులవారికీ ఇది ఉంది, ప్రతి భాషలో దీనికొక దయ్యం పేరుంది. ఇంత మాట చెబితే చాలు, ఏండ్ల తరబడి తాయెత్తు కట్టుకున్నవారు ఊపిరి పీల్చుకుంటారు.

ఈ మార్గంలో మనకంటె ముందు నడిచినవారిలో కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు. 1848లో రాజమండ్రిలో పుట్టిన ఆయన కోరంగి పాఠశాలలో కూడా ప్రధానోపాధ్యాయుడుగా పనిచేశారు. దయ్యాలు లేవని జనానికి చూపించడానికి అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళేవారు. 1874లో వివేకవర్ధని పత్రికను ఆరంభించారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. శ్మశానానికి వెళ్ళిన ధైర్యం, వితంతువు పక్షాన నిలిచిన ధైర్యం ఒకే మనిషిలో ఉండడం యాదృచ్ఛికం కాదని తరువాతి భాగాలలో చూస్తాం.

4. మిషనరీలు, ఖాళీగా మిగిలిన మధ్య అంతస్తు

గోదావరి డెల్టాకు ప్రొటెస్టెంటు సువార్త 1836లో వచ్చిన బౌడెన్, బీర్ అనే సహోదరుల ద్వారా, తరువాత రాజమండ్రి లూథరన్ మిషన్ ద్వారా, 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టుల ద్వారా వ్యాపించింది. వీరు బడులు, ఆసుపత్రులు కట్టారు. దయ్యం పట్టిందని తెచ్చినవారికి మందు ఇచ్చారు, గ్రామదేవత జాతరకు చందా ఇవ్వవద్దన్నారు. కాని గాలి సోకడం, దిష్టి, చేతబడి అనే భయాలతో కూర్చుని మాట్లాడిన సందర్భాలు తక్కువ. పరిశీలించి రాసినవారు లేకపోలేదు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతలను గురించి 1916లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ తెలుగు గ్రామదేవతలను గురించి 1915లో పుస్తకాలు ప్రచురించారు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1912లో శకునాలు, మూఢవిశ్వాసాల మీదనే ఒక సంపుటం వెలువరించాడు. అయితే ఆ పుస్తకాలు ఇంగ్లీషులో ఉండిపోయాయి. వాటిలోని సంగతులు సంఘపు బల్ల దగ్గరకు రాలేదు.

ఈ లోపానికి పేరు పెట్టినవాడు తెలుగు గడ్డ మీద పనిచేసిన మిషనరీయే. షంషాబాదులో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీల ఇంట పుట్టిన పాల్ హీబర్ట్ 1982లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఇలా విశ్లేషించాడు: పాశ్చాత్య మిషనరీ మనసులో రెండు అంతస్తులే ఉన్నాయి. పైన దేవుడు, పరలోకం, నిత్యత్వం. కింద కంటికి కనబడే ప్రకృతి, శాస్త్రం. గ్రామస్థుని లోకంలో ఈ రెండింటి మధ్య ఇంకొక అంతస్తు ఉంది. పూర్వీకులు, గ్రామదేవతలు, దిష్టి, శకునం, మంత్రం అక్కడ ఉంటాయి. తప్పిపోయిన గేదె, చూలు నిలవని కోడలు, హఠాత్తుగా పడిన జ్వరం అనే ప్రశ్నలకు జవాబు అక్కడే వెదుకుతారు. ఆ అంతస్తును గురించి మిషనరీ ఏమీ చెప్పలేదు కనుక విశ్వాసి ఆదివారం గుడికి, మంగళవారం భూతవైద్యుని దగ్గరికి వెళ్ళాడు. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ అధ్యక్ష మండలంలోని వాడియారం పాస్టరేటును పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథం కూడా ఇదే స్థితిని గ్రామం గ్రామంగా చూపిస్తుంది.

హీబర్ట్ చెప్పినది నిజం. కాని ఆయన వ్యాసం వెలువడి నాలుగు దశాబ్దాలు దాటాయి. ఈ కాలంలో ఆ మధ్య అంతస్తు ఖాళీగా లేదు. మనమే దానిని నింపాం, కొన్నిచోట్ల కిక్కిరిసేలా నింపాం. ప్రతి రోగానికి ఒక ఆత్మ, ప్రతి ఆత్మకు దానిని పంపినవాడు ఒకడు ఉన్నాడని వేదిక మీద నుండి చెప్పేవారు ఎక్కువయ్యారు. "నీకు ఎవరో చేయించారు" అనే మాట భూతవైద్యుని నోటి నుండి ప్రసంగీకుని నోటికి మారింది. ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి.

5. చిల్లంగి: మాట ఒకటి, గాయం మరొకటి

తెలంగాణలో బాణామతి అంటారు. అన్నిచోట్లా చేతబడి అంటారు. గోదావరి, విశాఖ ప్రాంతాలలో వాడుకలో ఉన్న మాట చిల్లంగి. దయ్యం కథలో హాని చేసేవాడు చనిపోయినవాడు. అతనిని ఎవరూ కొట్టలేరు. చిల్లంగి కథలో హాని చేసేది పక్కవీధి మనిషి. ఆమెను కొట్టవచ్చు, పళ్ళు ఊడగొట్టవచ్చు, ఊరి నుండి వెళ్ళగొట్టవచ్చు, చంపవచ్చు. ఇవన్నీ మన రాష్ట్రాలలో జరిగినవే. నేర గణాంకాలలో హత్యకు కారణాలలో ఒకటిగా మంత్రవిద్య ఆరోపణను నమోదు చేసే దేశం మనది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో ఈ హింస మీద ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది.

నింద ఎవరి మీద పడుతుంది? బలవంతుని మీద పడదు. ఒంటరి స్త్రీ మీద, ముసలివాని మీద, పొలం గట్టు తగాదా ఉన్నవారి మీద పడుతుంది. ఎక్కువగా వితంతువు మీద పడుతుంది. యానాం చరిత్రలో దీనికి ఒక విషాదపు పునాది ఉంది. 1929లో శారదా చట్టం ఇంగ్లీషు సీమలో బాల్య వివాహాలను నిషేధించినప్పుడు, ఆ చట్టం వర్తించని ఫ్రెంచి యానానికి చుట్టుపక్కల జిల్లాలవారు పసిపిల్లలను తెచ్చి పెండ్లిళ్ళు చేశారు. యానాన్ని 'కల్యాణపురం' అన్నారు. బాల్య వివాహం ఉన్నచోట బాలవితంతువు ఉంటుంది. భర్త పోయి, బిడ్డలు లేక, ముసలితనం వచ్చేదాకా ఎవరి పంచనో బతికిన ఆ స్త్రీలనే ఊరు "ఆమె చూపు మంచిది కాదు" అన్నది. వీరేశలింగం శ్మశానపు భయాన్ని, వితంతువు కష్టాన్ని ఒకే పోరాటంగా చూడడంలో ఉన్న లోతు ఇదే.

ఇక్కడ మన బైబిలు తర్జుమాను గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. ద్వితీయోపదేశకాండము 18:10లో నిషేధింపబడినవారి జాబితాలో 'చిల్లంగివాడు' అనే మాట ఉంది. అదే హెబ్రీ ధాతువుకు చెందిన స్త్రీలింగ పదాన్ని నిర్గమకాండము 22:18లో శకునం చెప్పునది అని తర్జుమా చేశారు. ప్రాచీన ఇశ్రాయేలులో ఆ మాట మంత్రవిద్యను వృత్తిగా, బహిరంగంగా చేసేవారిని సూచిస్తుంది. మన ఊళ్ళలో చిల్లంగి అంటే రహస్యంగా చేసిందని పొరుగువారు అనుమానించే మనిషి. చదివేది లేఖనమే, కాని వినేవాని మనసులో మెదిలేది పక్కింటి ముసలమ్మ ముఖం. కనుక 18వ అధ్యాయం మీద ప్రసంగించే కాపరి 19వ అధ్యాయం కూడా చదవాలి. అక్కడ ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా తీర్చకూడదని, అబద్ధసాక్షి తన సహోదరునికి చేయదలచిన కీడు అతనికే చేయాలని ధర్మశాస్త్రం చెబుతుంది (19:15-19). చిల్లంగి నిందకు ఒక్క సాక్షి కూడా ఉండడు. కల, అనుమానం, సోదె మాత్రమే ఉంటాయి.

6. పాశ్చాత్య సంఘం రక్తంతో నేర్చుకున్న పాఠం

ఈ దోషం మన దేశానికే పరిమితమని అనుకోకూడదు. ఐరోపాలో పదిహేనవ శతాబ్దం నుండి పదునెనిమిదవ శతాబ్దం వరకు వేలాదిమందిని, అధికంగా స్త్రీలను, మంత్రగత్తెలని చంపారు. తీర్పరుల చేతిలో నిర్గమ. 22:18 ఉంది. శిక్ష పొందబోయేవారి ఒప్పుకోలు వినడానికి వెళ్ళిన ఫ్రీడ్రిచ్ స్పే అనే జెసూట్ గురువు, చిత్రహింస పెడితే ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారని 1631లో పేరు వేసుకోకుండా ఒక గ్రంథం ప్రచురించాడు. 1691లో హాలండులో బల్తజార్ బెక్కర్ అనే రిఫార్మ్‌డ్ కాపరి మంత్రగత్తెల భయం మీద పెద్ద పుస్తకం రాస్తే, మరుసటి ఏడాదే సంఘం ఆయనను పదవి నుండి తొలగించింది. ఆ రోజుల్లో డచ్చివారు మన పాలకొల్లులో బట్టల వ్యాపారం చేస్తున్నారు. ఆ ఓడల్లో ఆ పుస్తకం కూడా వచ్చి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

1692లో అమెరికాలోని సేలెం గ్రామంలో కలకలం మొదలైనది ఒక కాపరి ఇంట్లోనే. పిల్లలకు వింత మూర్ఛలు వచ్చాయి. ఎవరు చేశారని పెద్దలు అడిగారు. పేర్లు బయటికి వచ్చాయి. పంతొమ్మిదిమందిని ఉరితీశారు, ఒకరిని రాళ్ళ కింద నలిపి చంపారు. ఆ ఏడాది చివరి భాగంలో ఇంక్రీజ్ మాథర్ అనే దైవజనుడు, కలలో కనబడిన రూపాలను సాక్ష్యంగా తీసుకోరాదని, ఒక నిరపరాధి చనిపోవడం కంటె పదిమంది అనుమానితులు తప్పించుకోవడం మేలని రాశాడు. 1697లో ఉపవాస దినం ప్రకటించారు. తీర్పరులలో ఒకడైన శామ్యూల్ సెవాల్ సంఘమంతటి యెదుట నిలబడగా, అతని క్షమాపణను కాపరి చదివి వినిపించాడు. "ఎవరు చేశారు?" అనే ప్రశ్నను కాపరి తన ఇంట్లో అడగనిచ్చినందుకు ఇరవై ప్రాణాలు పోయాయి.

7. ఒక ఒప్పుకోలు

ఇతరుల తప్పులు రాసి నా తప్పు రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నా పరిచర్య తొలినాళ్ళలో ఒక లంక గ్రామంలో ఆరేండ్ల పిల్లవానికి తరచుగా మూర్ఛలు వచ్చేవి. నన్ను పిలిచారు. వీధి చివర ఉన్న ఒక వితంతువు మీద వారికి అనుమానమని నాకు తెలుసు. ఆమె కూడా మా సంఘ సభ్యురాలే, ప్రభువు బల్లలో పాలుపొందేది. నేను ఆమె పేరు ఎత్తలేదు. కాని పిల్లవాని తల మీద చేయి ఉంచి, చిల్లంగి కట్లు తెగిపోవాలని గట్టిగా ప్రార్థించాను. ఇంటి నిండా జనం. వారికి కావలసిన సాక్ష్యం దొరికింది; సాక్షి కాపరి. నెల తిరగకుండా ఆమె ఒక మూట కట్టుకుని తమ్ముని ఊరు వెళ్ళిపోయింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. బావి దగ్గర ఆమె వస్తే మిగిలినవారు బిందెలు తీసుకుని వెళ్ళిపోయేవారట, అంతే.

తరువాత పిల్లవానిని పట్నంలో డాక్టరుకు చూపించారు. రోజూ వేసుకునే మాత్రలతో మూర్ఛలు ఆగాయి. ఆమెను క్షమాపణ అడుగుదామని నేను వెళ్ళేసరికి ఆమె లేదు. ఆమె సమాధి ఎక్కడో చూపించారు.

ఆ రోజు నేను దయ్యాలను నమ్మానా, నమ్మలేదా అన్నది ఇప్పుడు నాకు ముఖ్యం కాదు. నా ప్రార్థన ఎవరి వైపు వేలు చూపించిందన్నదే ముఖ్యం.

ముగింపు

1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, ఆయన సహచరులు నిప్పుల మీద నడచి చూపించారు. కాలిన బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పాదం క్షణమే ఆనుతుంది కనుక మంత్రం లేకుండా ఎవరైనా నడవవచ్చు. ఊరూరా తిరిగి మూఢవిశ్వాసాలను తిరస్కరించిన అబ్రహాం కోవూరు మార్తోమా సంఘపు గురువు కుమారుడు. వారి ముగింపుతో మనం ఏకీభవించం. కాని భయపడినవారి ఊరికి వెళ్ళిన విషయంలో వారు మనకంటె ముందున్నారని ఒప్పుకోవాలి.

కాబట్టి తోటి పరిచారకులకు, వేదాంత విద్యార్థులకు నా మనవి మూడు మాటలు. మృతులను గురించిన కథ వినబడితే కూర్చుని వినండి, ఆనందించండి, రిజిస్టరు తెరవండి. ఆ కథలో ఎవరి దుఃఖం ఉందో కనుగొని వారి కొరకు ప్రార్థించండి. రోగిని తెస్తే ప్రార్థన చేయండి, అదే రోజు డాక్టరు దగ్గరికి కూడా పంపండి. బతికున్నవారి పేరు వినబడితే మాత్రం అక్కడే ఆపండి. ఆ సాయంత్రమే ఆ మనిషి ఇంటికి వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆమె చేతి మంచినీళ్ళు తాగండి. ఏ ప్రసంగం చేయలేని పని ఆ గ్లాసు నీళ్ళు చేస్తాయి.

నవంబరు 2న సమాధుల పండుగ. ఆ సాయంత్రం డెల్టా అంతటా క్రైస్తవుల సమాధుల మీద కొవ్వొత్తులు వెలుగుతాయి. మిగిలిన రోజుల్లో చీకటి పడితే అటు నడవడానికి భయపడే పిల్లలు ఆ రోజు సమాధుల మధ్య పరుగులు తీస్తారు. 1996 తుపాను వచ్చింది ఆ పండుగ తరువాత నాలుగవ రోజు. ఆ మరుసటి ఏడాది సమాధి లేని జాలరుల పేర్లు కాగితం మీద రాసుకొని వచ్చి, ఏదో ఒక సమాధి పక్కన ఇసుకలో కొవ్వొత్తి నిలిపినవారిని నేను చూశాను. మేము ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి, పునరుత్థానపు నిరీక్షణలో వారిని ప్రభువుకు అప్పగించాం. ఆ తరువాత ఆ రేవులో ఎవరో పిలుస్తున్నారనే మాట నాకు అంతగా వినబడలేదు.